కీడెంచే పూట

కోళ్లఫారం అత్త నోటికి జడవని మనిషి ఆ చుట్టుపక్కల లేడు. తిడుతుందని కాదు, అడుగుతుందని. ఎవరైనా కొత్త బండి కొనుక్కుని మురిసిపోతూ తెచ్చి చూపిస్తే, చుట్టూ ఒకసారి తిరిగి చూసి, "బాగుంది. బ్రేకు పడకపోతే ఏం చేస్తావు?" అంటుంది. ఇంటి మీద అంతస్తు వేస్తున్నామంటే, "కింది గోడ మోస్తుందా?" అంటుంది. శుభం పలకరా మంకెన్నా అన్న సామెత మా అక్కను చూసే పుట్టిందని ఆవిడ తమ్ముడు నవ్వుతాడు. అదీ అక్కకు వినబడనంత దూరంలో ఉన్నప్పుడే.

ఆవిడకి సొంత మేనకోడలు ఒక్కర్తే. అయినా షెడ్లో పనిచేసేవాళ్ల దగ్గర్నుంచి గుడ్ల లారీ డ్రైవరు దాకా అందరూ అత్తా అనే పిలుస్తారు. పెళ్లెందుకు చేసుకోలేదని అడిగితే "తీరిక దొరకలేదు" అంటుంది. అబద్ధమేం కాదు. వయసులో ఉండగా ఒక రేకుల పాకలో, గంపెడు కోడిపిల్లలతో మొదలుపెట్టింది. ఇప్పుడు రెండు పొడవాటి షెడ్లు, దాణా కలిపే మర, గుడ్లు సర్దే గది, సొంత బోరు. ఇదంతా ఎవరిచ్చారు? ఎవరూ ఇవ్వలేదు. అరవై దాటినా తెల్లారగట్ల షెడ్డు తలుపు తీసేది ఇప్పటికీ ఆవిడే. గడప అవతలే నిలబడి కోళ్ల గోల విని, "మూడో వరుసకి నీళ్లు అందట్లేదు, చూడండి" అంటుంది. వెళ్లి చూస్తే నిజంగానే గొట్టంలో ఏదో అడ్డం పడి ఉంటుంది. ఆ గర్వం ఆవిడ నడకలోనే కనిపిస్తుంది. దాచుకోవాలని ఆవిడ ఎప్పుడూ అనుకోలేదు, దాచుకోవాల్సిన అవసరం కూడా లేదు.

ఆ ఇంట్లో ఒక అలవాటుంది. ఇంకెక్కడా ఉన్నట్టు వినలేదు. ఏటా కొత్త కోడిపిల్లల్ని దించే ముందు, ఒక మధ్యాహ్నం ఇంటిల్లిపాదీ గుడ్ల గదిలో ట్రేలన్నీ పక్కకి జరిపి కూర్చుంటారు. దాన్ని కీడు పూట అంటారు. కీడెంచి మేలెంచమన్నారు పెద్దలు. లోకమంతా ఆ మాట అనేసి చేతులు దులుపుకుంటుంది. వీళ్లు మాత్రం కూర్చుని నిజంగా ఎంచుతారు. ఆ ఏటి ప్లాను ఎవరు తెస్తే వాళ్లు మధ్యలో స్టూలు మీద కూర్చోవాలి. మిగిలినవాళ్లు తలొక ఆపదా పంచుకుంటారు. ఒకరు ఎండ, ఒకరు జబ్బు, ఒకరు ధర. ఆ పూటంతా వాళ్లు అక్కా తమ్ముళ్లు కారు, మొగుడూ పెళ్లాలు కారు. ఎండ ఎలా మొహమాటం లేకుండా వస్తుందో అలా స్టూలు మీదవాళ్ల మీదికి వస్తారు. ప్లాను నిలబడితే ఆ ఏడు అలా నడుస్తుంది. పడిపోతే మళ్లీ మొదటికి.

ఒక్కటే నియమం. స్టూలు మీద ఉన్నవాళ్లయినా, చుట్టూ ఉన్నవాళ్లయినా "అలా జరగదు" అనకూడదు. నోరు జారితే వెళ్లి కోళ్ల నీళ్ల తొట్లు తోమి రావాలి. ఆ పాచి కంపు ఒకసారి ముక్కుకు తగిలినవాళ్లు ఆ మాటని జన్మలో అనరు. తమ్ముడు మొదటి ఏళ్లలో తొట్లు తోమీ తోమీ, చివరికి పెళ్లాం "ఇవాళ వంట చేయను" అన్నా "సరే, చేయకపోతే ఏం చేద్దాం?" అనే మనిషిగా తయారయ్యాడు.

ఈ అలవాటు ఊరికే రాలేదు. ఫారం పెట్టిన కొత్తలో ఏదో తెగులు వచ్చి వారం తిరక్కుండా పాక ఖాళీ అయిపోయింది. చూడ్డానికొచ్చినవాళ్లంతా "ఇలా జరుగుతుందని ఎవరనుకున్నారమ్మా" అని ఓదార్చారు. ఆవిడ కళ్లు తుడుచుకుని, "ఇంకెవరో ఎందుకు అనుకుంటారు? కోళ్లు నావి. అనుకోవాల్సింది నేను కదా" అంది. ఆ మర్నాటి నుంచి అనుకోవడం మొదలుపెట్టింది. ఇంతవరకూ ఆపలేదు.

ఈ ఏడు స్టూలు మీద కూర్చుంది మేనకోడలు. లెక్కల చదువు చదివి, పట్నంలో ఒక ఆఫీసులో కొన్నాళ్లు ఊళ్లోవాళ్ల లెక్కలన్నీ చూసి, "మన లెక్క మనం చూసుకుంటే పోలా" అని తనంతట తనే తిరిగొచ్చిన పిల్ల. అందులోనూ చిన్న ప్లానేం కాదు తెచ్చింది. మూడో షెడ్డు. దానికి పదిహేనేళ్ల బ్యాంకు అప్పు. అత్త సంతకం పెడితే లోను రేపే అన్నాడు మేనేజరు. కానీ అత్తకి పదిహేనేళ్లన్న మాట గొంతులో ముల్లులా దిగింది. పదిహేనేళ్లంటే మాటలా? మోయగలిగితే ఈ పిల్ల బతుకు నిలబడుతుంది. మోయలేకపోతే రెండు షెడ్లూ, బోరూ, ఆవిడ కట్టిందంతా బ్యాంకువాళ్ల తాళం కిందికి పోతుంది. మధ్యేమార్గం లేదు. అందుకే ఆ మధ్యాహ్నం అత్త ఎప్పుడూ లేనంత కఠినంగా కూర్చుంది.

"నేను ధర" అంది మరదలు, అంటే ఆ పిల్ల తల్లి. కూతురని చూడకుండా మొదటి దెబ్బ తనే వేసింది. "గుడ్డు ధర పడిపోయింది. ఒక నెల కాదు, ఏడాదంతా లేవలేదు. వాయిదా ఎలా కడతావు?"

"వాయిదా లెక్క సగటు ధర మీద కట్టలేదమ్మా. పదేళ్లలో అన్నిటికన్నా నీరసంగా ఉన్న ధర మీద కట్టాను. ఆ ధరకి కూడా వాయిదా పోతుంది. మనకి మిగిలేదేం ఉండదు, అంతే. పాత చీరలు కట్టుకుంటావు."

"ఇప్పుడు కట్టుకునేవేమైనా కొత్తవా?" అంది మరదలు. అందరూ నవ్వారు. అత్త నవ్వలేదు.

"అయితే ఈ గుడ్లన్నీ ఒకడికే అమ్ముతావా?" అని తనే అందుకుంది.

"లేదు. మూడో వంతు మన బేకరీ ఆయనకి, ఏడాదంతా ఒకే ధర. ధర పెరిగినప్పుడు మనకి కాస్త పోతుంది, పడిపోయినప్పుడు మనల్ని కాపాడుతుంది. మూడో వంతుకి మించి ఎవరికీ ఇవ్వను. ఆయనే దివాలా తీస్తే?"

తమ్ముడి వంతు జబ్బు. గొంతు సవరించుకుని, కూతురి మొహంలోకి చూడకుండా నేలకేసి చూస్తూ అడిగాడు. "నేను వచ్చేశానమ్మా. ఒక షెడ్లోకి. మొత్తం తుడిచిపెట్టేశాను."

"అందుకే మూడో షెడ్డు ఈ రెండింటి పక్కన కట్టట్లేదు నాన్నా. పొలం ఆ చివర. మనుషులు వేరు, చెప్పులు వేరు, దాణా బండి గేటు లోపలికే రాదు. మూడు షెడ్లలో మూడు వయసుల కోళ్లు. ఒకటి ఖాళీ అయినా రెండు గుడ్లు పెడుతూ ఉంటాయి. బీమా ఎలాగూ ఉంది. బీమా డబ్బు వచ్చేదాకా ఆగడానికి ఆరు నెలల దాణా ఖర్చు పక్కన పెట్టాకే మొదటి ఇటుక."

"అయితే కట్టడం ఏడాది ఆలస్యమవుతుంది కదమ్మా?"

"అవనీ. ఇటుకలేమన్నా పారిపోతాయా?"

అత్త ఎండగా వచ్చింది, దాణా రేటుగా వచ్చింది. షెడ్డు కట్టే మేస్త్రీ సగంలో వదిలేసి పోయినట్టు వచ్చింది. పిల్ల ఒక్కచోట తడబడింది. బోరు ఎండిపోతే అన్న ప్రశ్నకి కాసేపు గోళ్లు కొరుక్కుని, "దీనికి నా దగ్గర జవాబు లేదు, కనుక్కుని చెబుతాను" అంది. అత్తకి లోలోపల పొంగుకొచ్చింది. జవాబులన్నీ వచ్చినవాళ్లని ఆవిడ నమ్మదు. తెలియనిదాన్ని తెలియదని స్టూలు మీద కూర్చుని చెప్పగలిగిందంటే ఈ పిల్ల గట్టిది. మన పిల్ల. మొహం మాత్రం గంటు పెట్టుకునే ఉంది.

"సరే, ఇంకేమైనా మిగిలిందా?" అంది అత్త, లేవబోతూ.

"ఒకటి మిగిలింది. ఎవరూ అడగలేదు. నేనే అడుగుతాను."

"ఏంటే అది?"

"నువ్వు లేకపోతే, అత్తా?"

లేవబోయిన అత్త మళ్లీ కూర్చుంది.

"నేనెక్కడికి పోతాను?"

"ఎక్కడికో ఒకచోటికి. కాలు విరిగి మంచాన పడొచ్చు. ఇంకేదైనా కావచ్చు. దాణా బేరం నువ్వే చేస్తావు. డాక్టర్ని ఎప్పుడు పిలవాలో నీకే తెలుసు. కోళ్ల గోల నీ చెవికే అర్థమవుతుంది. బ్యాంకులో సంతకం నీది. ఇన్నేళ్ల కీడు పూటల్లో వానొచ్చింది, ఎండొచ్చింది, తెగులొచ్చింది, కానీ నువ్వు లేని రోజు ఒక్కసారి కూడా రాలేదు. అడిగేదానివి నువ్వే కాబట్టి నిన్ను అడిగేవాళ్లు లేకపోయారు. పదిహేనేళ్ల అప్పు నువ్వు రోజూ తెల్లారి లేస్తావన్న లెక్క మీద తీసుకోలేను. ఈ ఫారానికి అన్నిటికన్నా పెద్ద ఆపద ఎండ కాదు. నువ్వు."

"చాల్లే నోర్ముయ్! అలా ఏం జరగదు!"

అన్నాక గానీ ఆవిడకి తెలియలేదు ఏమందో. తాడిని తన్నేవాడుంటే వాడి తలదన్నేవాడుంటాడంటారు. మరదలు చీర కొంగు నోట్లో కుక్కుకుంది. తమ్ముడు లేచి, నిశ్శబ్దంగా బయటికెళ్లి, తొట్లు తోమే బ్రష్షు తెచ్చి, అక్క చేతికివ్వడానికి ధైర్యం చాలక స్టూలు మీద పెట్టాడు.

అత్త బ్రష్షు తీసుకుని వెళ్లింది. నియమం నియమమే. మొదటి తొట్టి తోముతున్నంతసేపూ ఒళ్లు మండిపోయింది. 'నేను పెంచిన పిల్ల! చిటికెన వేలు పట్టుకుని షెడ్డంతా తిప్పిన పిల్ల! నన్ను ఆపదంటుందా? నేను లేకపోతే ఈ ఫారమెక్కడిది?' రెండో తొట్టి దగ్గర ఆ చివరి మాటే వెనక్కి తిరిగి ఆవిణ్ణి కరిచింది. నేను లేకపోతే ఈ ఫారమెక్కడిది? పిల్ల అడిగిందీ అదే కదా! మూడో తొట్టి దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆగింది. ఇన్నేళ్లు ఊరందరి బ్రేకులూ గోడలూ పరీక్షించిన మనిషికి తట్టని ప్రశ్న అది. ఆ పిల్లకి తట్టింది. తట్టినా మొహం మీద అడగడానికి గుండె ఉండాలి. అదీ ఉంది. అత్తకి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఎవరూ చూడటం లేదు కాబట్టి రెండూ కానిచ్చేసింది.

తడి చేతులతోనే గదిలోకొచ్చి నిలబడింది. "అడిగితే సరిపోదు. జవాబు చెప్పు. ఇది తేలేదాకా సంతకం పెట్టను."

"నెల్లాళ్లు నువ్వు ఇక్కడ ఉండకూడదు. ఫోను కూడా చెయ్యకూడదు, మేం చెయ్యం. చూద్దాం ఏమవుతుందో. చలికాలంలో పెద్దత్త దగ్గరికి—"

"చలికాలంలో పరీక్షేంటే, పిల్లలాటా? చల్లగా ఉన్నప్పుడు కోళ్లని ఎవరైనా సాకుతారు. ఎండలు ముదిరే నెలలో పోతాను."

"అక్కా, ఆ నెల వద్దే" అన్నాడు తమ్ముడు. పాపం, అప్పుడే చెమటలు పట్టాయి.

"అందుకే ఆ నెలంటున్నాను."

ఎండలొచ్చేదాకా అత్త తనకి తెలిసిందంతా ఒలకబోసింది. ప్రతి పనీ ఇద్దరికి నేర్పాలని పిల్ల పట్టుబట్టింది. తమ్ముణ్ణి దాణా బేరానికి పంపితే మొదటిసారి అడిగిన ధరకే కొనేసి, పైగా వాళ్లిచ్చిన టీకి డబ్బులు కూడా ఇచ్చి వచ్చాడు. కోళ్ల గోల వినడం నేర్పబోతే అతనికి అన్నీ ఒకేలా వినిపించాయి. మరదలే నయం, మూడు వారాలకి దాహం గోలకీ భయం గోలకీ తేడా పట్టేసింది. "నాకు వినబడదక్కా" అని తమ్ముడు దిగులుపడితే, "నీకు మోటార్లు వినబడతాయి కదరా, అది చాల్లే" అంది అత్త. మనసులో మాత్రం బెంగగానే ఉంది. తమ్ముడు బంగారం లాంటి మనిషే గానీ, పుట్టి బుద్ధెరిగాక ఒక్క నిర్ణయం సొంతంగా తీసుకోలేదు. "అక్కనడిగి చెబుతా" అనేది అతని ఊతపదం.

అలా చెప్పిన నెల రాగానే, చెప్పినట్టే, ఒక సంచీతో అత్త బస్సెక్కింది.

అత్త వాళ్ల పెద్దక్కది పక్క పట్నంలో మూడో అంతస్తు మీద ఇల్లు. మొదటి రోజే అత్త గ్యాసు గొట్టం పట్టుకు చూసింది. మెట్ల కటకటాలు ఊపి చూసింది. కిందింటివాళ్లకి ఇంట్లో నిప్పంటుకుంటే ఎటు దిగుతారని అడిగి వాళ్లకి రెండు రోజులు నిద్ర లేకుండా చేసింది. "నువ్వు చుట్టపుచూపుకి వచ్చావా, తనిఖీకి వచ్చావా?" అని పెద్దక్క తిట్టి, ఫోను లాక్కుని బీరువాలో పెట్టి తాళం వేసింది. అక్కడితో చేతులు కట్టేసినట్టయింది. తెల్లారగట్ల మెలకువ వచ్చేది. తలుపు తీయడానికి షెడ్డు లేదు. బాల్కనీలో నిలబడి కింద కుళాయి దగ్గర బిందెల గోల వినేది.

ఎండ రోజురోజుకీ మండింది. పిట్టగోడ మీద చెయ్యి పెడితే చురుక్కుమంది. ఇక్కడే ఇలా ఉంటే రేకుల కింద ఎలా ఉందో? ఫోను రాలేదు. రాకూడదని తనే ఒప్పుకుంది. అయినా, 'ఒక్కరికైనా నన్ను అడగాలనిపించలేదా?' అని ఉక్రోషం. వెంటనే, 'అడగట్లేదంటే నడుస్తోందన్నమాటే' అని గర్వం. ఆ రెండింటి మధ్యా నెలంతా కుంపటి మీద కూర్చున్నట్టు గడిపింది. ఒక సాయంత్రం పెద్దక్క చూస్తుండగానే బీరువా దగ్గరికి వెళ్లి, తాళం మీద చెయ్యి వేసి, మళ్లీ తీసేసింది. "గొప్పదానివే" అంది పెద్దక్క, ఆ ఒక్కసారి మనస్ఫూర్తిగా.

నెల తీరిన రోజున మొదటి బస్సుకే బయల్దేరింది. గేటు దగ్గర దిగేసరికి అందరూ బయటే ఉన్నారు. తమ్ముడు చిక్కిపోయాడు. పిల్ల మొహం నల్లబడింది. అత్త ఎవర్నీ పలకరించకుండా నేరుగా షెడ్డు గడప దగ్గరికి పోయి నిలబడి విన్నది. మామూలు గోలే. ఎడం పక్క చివర మాత్రం కాస్త పలచగా ఉంది.

"చివరి వరుసలో కొన్ని లేవు" అంది, వెనక్కి తిరక్కుండానే.

"లేవత్తా. పోయాయి. తప్పు నాదే" అంది మేనకోడలు. "కరెంటుపోతే జనరేటరుందని ధీమాగా ఉన్నాను. వారం వారం దాన్ని ఆడించి చూశాను కూడా. కానీ ఫ్యాన్ల బరువు పెట్టకుండా ఊరికే ఆడించాను. మిట్టమధ్యాహ్నం ట్రాన్స్‌ఫార్మరు కాలిపోయింది. జనరేటరు వేస్తే, ఫ్యాన్లు తగిలించగానే రెండుసార్లు దగ్గి ఆగిపోయింది."

ఆ ఎండలో ఫ్యాను లేకుండా రేకుల కింద కోడి ఎంతసేపుంటుందో అత్తకి తెలుసు. రెండు షెడ్లూ ఊడ్చుకుపోవాల్సింది. మరి ఇన్ని కోళ్లు ఎలా బతికి ఉన్నాయి?

"మెకానిక్కు వెంటనే వచ్చాడా?"

"ఎక్కడ? సాయంత్రం దీపాలు పెట్టాక వచ్చాడు" అని మరదలు అందుకుంది. ఈ కథ చెప్పడానికి ఆవిడ ఎన్నాళ్లుగా ఎదురుచూస్తోందో. "ఏమైందంటే వదినా, కోళ్లు నోళ్లు తెరిచేశాయి. నేనూ అమ్మాయీ మేత ఎత్తేసి, గోనెలు తడిపి కడుతున్నాం. మీ తమ్ముడు ఫోను పట్టుకుని నిలబడ్డారు. మీకే చేయబోతున్నారని నాకు తెలుస్తూనే ఉంది. అమ్మాయి చూసింది, ఒక్క మాటనలేదు. ఈయన ఫోను జేబులో పెట్టేసుకుని మోపెడ్ తీశారు. ఎక్కడికంటే చెప్పలేదు. నేనైతే పారిపోతున్నారనే అనుకున్నాను!"

"ఎక్కడికి పోయావురా?"

తమ్ముడు తల గోక్కున్నాడు. "బేకరీకి."

"బేకరీకా?"

"వాళ్లకి పెద్ద జనరేటరుంది కదక్కా. సాయంత్రం దాకా మాకివ్వండి అన్నాను. పొయ్యిలో రొట్టెలున్నాయి, ఆపితే అంతా పాడైపోతుందన్నాడు. పాడైనదానికి గుడ్లిస్తాను, ఎన్నంటే అన్ని, లెక్క తర్వాత చూసుకుందాం, కోళ్లకి తర్వాతనేది లేదన్నాను. కాసేపు నా మొహం కేసి చూశాడు. మరి మొహం ఎలా పెట్టానో! వాళ్ల మనుషులే లారీ ఎక్కించి పంపారు." ఆగి, సంజాయిషీ చెప్పుకుంటున్నట్టు అన్నాడు. "నిన్ను అడగకుండా మాటిచ్చేశాను. కోప్పడకు. అడగందే అమ్మయినా పెట్టదంటారు కదా."

అత్త కోప్పడలేదు. అక్కడున్న దాణా బస్తా మీద కూలబడింది.

ఆవిడ జన్మలో ఒకరి గుమ్మం ముందు నిలబడి ఏదీ అడగలేదు. పాక ఖాళీ అయిన ఏడు పస్తులున్నా అడగలేదు. అదే తన బలమని ఇన్నాళ్లూ చెప్పుకుంది, నలుగురి చేతా చెప్పించుకుంది. ఆ మధ్యాహ్నం ఫోను మోగి ఉంటే తనేం చెప్పేదో ఆవిడకి స్పష్టంగా తెలుసు. గోనెలు కట్టండి, నీళ్లు కొట్టండి, మెకానిక్కుని లాక్కురండి. అంతే. బేకరీ ఆయన్ని బతిమాలండి అన్న మాట తన నోట వచ్చేది కాదు. అసలు మనసులోకే వచ్చేది కాదు. మెకానిక్కు దీపాల వేళకి వచ్చేవాడు. అప్పటికి షెడ్లో గోల ఉండేది కాదు.

"నేనుంటే చచ్చేవిరా అన్నీ" అంది.

"అదేం మాటక్కా—"

"నిజం మాట. పిల్ల చెప్పింది అక్షరాలా నిజం. నేను ఊళ్లో లేకపోబట్టి బతికాయి." తమ్ముణ్ణి చూసింది. ఇన్నేళ్లు పక్కనే తిరిగిన మనిషిని ఇప్పుడే చూస్తున్నట్టు చూసింది. "ఎంత పెద్దవాడివైపోయావురా! ఎప్పుడు పెరిగావు నువ్వు?"

యాభై దాటిన తమ్ముడు సిగ్గుపడ్డాడు. మరదలు కళ్లొత్తుకుంది. మేనకోడలు మాత్రం, "జనరేటరుకి బరువు పెట్టి ఆడించడం ఇక నుంచి ప్రతి వారం. ఆ లెక్క ప్లానులో ఎక్కించేశాను. బోరుకి కూడా జవాబు దొరికింది" అని మొదలుపెట్టింది. "ఆగవే తల్లీ, కాసిని మంచినీళ్లన్నా తాగనీ" అని అత్త అరిచింది. ఆ అరుపులో ఎంత ముద్దుందో పనివాళ్లక్కూడా తెలిసిపోయింది.

ఆ తర్వాతి వారం నలుగురూ బ్యాంకుకి వెళ్లారు. మేనేజరు మర్యాదస్తుడు. అత్తకి కుర్చీ జరిపి వేసి, కాగితాలన్నీ తిరగేసి, మేనకోడలి లెక్కలు రెండుసార్లు చూసి తలూపాడు. అక్కడితో ఊరుకోక, మనస్ఫూర్తిగానే పాపం, "లెక్కలకేం అమ్మా, బాగున్నాయి. అసలు మేం ఇస్తున్నది మీ మొహం చూసి. మీరున్నంతకాలం ఆ ఫారానికి ఢోకా లేదు" అన్నాడు.

"ఆ మాట ఏ కాగితంలోనైనా రాశారా?"

"అంటే... మా నోట్‌లో ఒక వాక్యం..."

"కొట్టెయ్యండి. తప్పు లెక్క అది."

మేనేజరు కళ్లద్దాలు తీశాడు. అత్త కుర్చీలో ముందుకి జరిగింది. ఆవిడ గొంతు మామూలుగానే పెద్దది, ఆ రోజు ఇంకాస్త లేచింది.

"నెల్లాళ్లు నేను ఊళ్లో లేను బాబూ. ఎండలు ముదిరిన నెల. ఒక్క పని ఆగలేదు. నన్ను ఒక్క మాట అడగలేదు. కరెంటు పోయి కొంప మునిగే పూట వచ్చింది, అప్పుడూ అడగలేదు. అడిగుంటే ఈపాటికి రెండు షెడ్లూ ఖాళీ. నేను లేకపోయినా నా ఫారం నిలబడింది, తెలుసా మీకు?"

వరుసలో నిలబడ్డవాళ్లంతా ఇటు తిరిగారు. మేనేజరు నొచ్చుకున్నాడు. "అయ్యయ్యో, అలా మనసు కష్టపెట్టుకోకండమ్మా. మీ విలువ మీ ఇంట్లోవాళ్లకి ఇవాళ కాకపోతే రేపు—"

"ఏడుస్తున్నాననుకున్నావేంటయ్యా? గొప్పలు చెప్పుకుంటున్నాను!"

మేనకోడలు పకపకా నవ్వేసింది. అత్త లేచి, తమ్ముణ్ణి భుజం పట్టి ఆ కుర్చీలో కూర్చోబెట్టింది. మొదటి సంతకం ఇతనిది, రెండోది మా అమ్మాయిది, నాది అడుగున ఎక్కడైనా పెట్టుకోండి అంది. తమ్ముడు పెన్ను తీసుకుని, అలవాటు చొప్పున అక్క మొహంలోకి చూశాడు. అత్త చటుక్కున మొహం తిప్పేసుకుంది. చూస్తే ఏదో ఒకటి చెప్పేస్తానని ఆవిడకి తెలుసు.

అటు తిరిగితే వరుసలో ఎవరో ముక్కూ మొహం తెలియని పెద్దాయన, పాస్‌బుక్కు చేత్తో పట్టుకుని ఈ తతంగమంతా చూస్తున్నాడు. వెనక పెన్ను కాగితం మీద నడుస్తున్న చప్పుడు వినిపించింది.

"మా తమ్ముడండీ" అని చెప్పింది అత్త ఆయనతో.